బీబీఏకి విజయనగరం వెళ్లాలా, ఊరి దగ్గరే బీకామ్‌లో చేరాలా? తర్వాత లా చేయాలని ఉంది

చీపురుపల్లి పాసింజర్:

అందరికీ నమస్కారం. ఈ ఏడాది ఇంటర్ సీఈసీ పాసయ్యాను, 812 మార్కులు వచ్చాయి, తెలుగు మీడియం. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. డిగ్రీకి వెబ్ ఆప్షన్లు పెట్టడానికి ఇంక కొద్ది రోజులే ఉంది, రెండు కాలేజీల మధ్య ఎటూ తేల్చుకోలేక ఇక్కడ రాస్తున్నాను. రెండూ చిన్నవే, అందుకే పేర్లు రాయడం లేదు.

మొదటిది విజయనగరంలో ప్రైవేటు కాలేజీ, కోర్సు బీబీఏ. వాళ్ల తరఫున ఒకాయన రెండుసార్లు మా ఇంటికే వచ్చారు. బీబీఏ చదివితే కార్పొరేట్ లాయర్ అవ్వచ్చు, మూడేళ్లూ లాసెట్ (లా ప్రవేశ పరీక్ష) కోచింగ్ మేమే ఇస్తాం, ఏసీ ల్యాబ్ ఉంది అని చెప్పారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందట గానీ బస్సుకీ యూనిఫాంకీ ఇంకేదో ట్రైనింగ్‌కీ కలిపి ఏడాదికి 24,000 చేతి నుంచి కట్టాలి. పొద్దున్న 7 గంటలకి రోడ్డెక్కితే తిరిగి ఇల్లు చేరేసరికి సాయంత్రం 6 దాటుతుంది.

రెండోది ఆటోలో పావుగంట దూరంలో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. అక్కడ బీకామ్ కంప్యూటర్ అప్లికేషన్స్ ఉంది. నిరుడు బీకామ్‌లో చేరినవాళ్లు ఇరవై మందికి మించి లేరట. ఖర్చు దాదాపు లేదు. కానీ మా వీధిలో ఎవరిని అడిగినా "అక్కడ క్లాసులు సరిగ్గా జరగవు, 812 వచ్చి అక్కడ చేరడమేంటి" అంటున్నారు. ఆ మాట వినీ వినీ అమ్మకి కూడా టెన్షన్ పట్టుకుంది.

లా ఎందుకంటే, మా నాన్న ఒక జూట్ మిల్లులో 21 ఏళ్లు పనిచేశారు. మిల్లు మూతపడింది, రావలసిన గ్రాట్యుటీ రాలేదు. నిరుడు నాన్నతో పాటు లాయరు గారి దగ్గరికి నేనే వెళ్లాను, ఇంట్లో కాయితాలు చదివేది నేనొక్కదాన్నే కదా. ఆయన పాత కాజ్ లిస్టు (కోర్టులో ఆ రోజు కేసుల పట్టిక) ఒకటి తిరగేసి, దాని వెనక పెన్నుతో లెక్క వేసి చూపించారు. ఆఖరి నెల జీతం 13,000, దాన్ని 26తో భాగిస్తే రోజుకి 500, ఏడాదికి 15 రోజుల చొప్పున 7,500, అలా 21 ఏళ్లకి 1,57,500. ఆ కాయితం ఇప్పటికీ నా కామర్స్ పుస్తకంలోనే ఉంది. అప్పటివరకూ నాన్న, మిల్లువాళ్లు దయతలచి ఎంతో కొంత ఇస్తారేమో అనుకునేవారు. మెట్లు దిగుతూ "అయితే ఇది మన డబ్బేనన్నమాట" అన్నారు. ఆ మాట దగ్గరే నాకు లా చదవాలనిపించింది.

అలాగని లా ఒక్కటే పట్టుకుని కూర్చునే స్థితి లేదు. తమ్ముడు తొమ్మిదో తరగతి. డిగ్రీ అయ్యాక వెంటనే ఉద్యోగం చేయాల్సి వస్తే అదీ దొరకాలి. అందుకని బిజినెస్‌కీ లాకీ రెండింటికీ పనికొచ్చేది కావాలి. ఈ రెండింట్లో ఏది పెట్టమంటారు?


గంటస్తంభం:

అమ్మా, నేను విజయనగరం కోర్టులో తొమ్మిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ముందు నీ ఇంటికొచ్చినాయన చెప్పిన మాట సంగతి చూద్దాం. లాకి ముందు ఫలానా డిగ్రీయే చదవాలన్న రూలు ఎక్కడా లేదు. అమెరికాలో ప్రీ లా అని అంటుంటారు గదా, అక్కడ కూడా లా కాలేజీలు ఫలానా సబ్జెక్టే చదివి రమ్మని అడగవు. మన దగ్గర మూడేళ్ల ఎల్ఎల్‌బీకి ఏ డిగ్రీ అయినా చాలు, అందులో ఓసీలకి 45 శాతం, బీసీలకి 42, ఎస్సీ, ఎస్టీలకి 40 శాతం మార్కులుండాలి. కాబట్టి "బీబీఏ చదివితేనే కార్పొరేట్ లాయర్" అన్నది సీట్లు నింపుకోవడానికి చెప్పే మాట.

ఇక లాసెట్. 120 ప్రశ్నలు, గంటన్నర టైము. 30 జీకే, మెంటల్ ఎబిలిటీ, 30 కరెంట్ అఫైర్స్, మిగతా 60 లా ఆప్టిట్యూడ్. నెగటివ్ మార్కులు లేవు, 42 వస్తే క్వాలిఫై, పేపరు తెలుగులో కూడా ఉంటుంది. దీనికి మూడేళ్ల కోచింగ్ దేనికమ్మా? రోజూ పేపరు చదివే అలవాటుండి, డిగ్రీ ఆఖరి ఏడాదిలో నాలుగు నెలలు కూర్చుంటే వస్తుంది. మంచి కాలేజీ కావాలంటే ర్యాంకు కోసం ఇంకాస్త కష్టపడాలి, అంతే.

నా మటుకు నేను బీకామ్ అంటాను, కారణం నా అనుభవమే. నేను బీఏ హిస్టరీ చదివి లాకి వచ్చాను. మొదట్లో నాకొచ్చిన కేసుల్లో సగం చెక్ బౌన్సులు. సెక్షన్ 138 చదవడానికి ఎంతోసేపు పట్టదు. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు నోటీసివ్వాలి, నోటీసు అందాక 15 రోజులు ఆగాలి, అప్పటికీ డబ్బు కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కేసు వేయాలి. ఇదంతా వచ్చేసిందనుకున్నాను. తీరా ఒక ధాన్యం కమీషన్ వ్యాపారిని క్రాస్ ఎగ్జామిన్ చేయాల్సిన రోజున ఆయన మూడేళ్ల ఖాతా పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఏది డెబిట్టో ఏది క్రెడిట్టో నాకు తెలీదు. మా పార్టీ కట్టిన 40,000 ఆ పుస్తకంలో వేరే పేరు మీద జమ అయివుందని మా గుమస్తా వేలు పెట్టి చూపిస్తే గానీ నాకు కనబడలేదు. ఆ రాత్రి నుంచి రెండు నెలలు ఒక అకౌంటెంట్ మిత్రుడి ఇంటికెళ్లి నేర్చుకున్నాను. భాగస్వామ్యం తగాదాలు, భరణం కేసుల్లో భర్త ఆదాయం, మీ నాన్నగారి గ్రాట్యుటీ, అన్నిటి కిందా ఒక లెక్క ఉంటుంది. నువ్వు ఆ కాజ్ లిస్టు కాయితం దాచుకున్నావంటే నీకా సంగతి అప్పుడే అర్థమైంది.

ఒకటి మాత్రం దాచకుండా చెప్తాను. లాయరుగా బార్ కౌన్సిల్‌లో నమోదయ్యే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750కి మించి తీసుకోకూడదని, ఎస్సీ, ఎస్టీలకైతే 125 అని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ భారం తగ్గింది. కానీ జూనియర్‌గా చేరాక మూడు నాలుగేళ్లు చేతిలో డబ్బులాడవు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలన్నా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ పెట్టింది, చదువవ్వగానే నేరుగా రాసే వీలు పోయింది. ఆ మూడేళ్లూ సాయంత్రాలు నాలుగు షాపుల లెక్కలు రాసిపెట్టే విద్య చేతిలో ఉంటే ఇంటికి భారం కావు. అదీ బీకామ్ వల్లే వస్తుంది.


నాగావళి ఒడ్డు:

నేను ఐదేళ్ల లా నాలుగో సంవత్సరం, శ్రీకాకుళం మాది. చెల్లెమ్మా, లాయర్ గారు చెప్పినదాంట్లో తప్పు లేదు గానీ ఇంకో దారి ఎవరూ చెప్పడం లేదు. ఇంటర్ తర్వాత నేరుగా ఐదేళ్ల లాలో చేరితే డిగ్రీ మూడు, లా మూడు కలిపి ఆరేళ్లు పట్టేది ఐదేళ్లలో అయిపోతుంది. దానికీ లాసెట్ ఉంది. విశాఖ దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉంది, అక్కడికి క్లాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. మొదటి ఏడాది నుంచే మూట్ కోర్టులు (విద్యార్థులు వాదించే నమూనా కేసులు), సీనియర్ల పరిచయాలు, ఇంటర్న్‌షిప్‌లు, ఆ వాతావరణమే వేరు. ఊళ్లో డిగ్రీ చదివేవాళ్లకి మూడేళ్లపాటు లా గురించి మాట్లాడే మనిషే దొరకడు. ఇంటర్‌లో నా క్లాసువాళ్లలో మూడేళ్ల ఎల్ఎల్‌బీకి వద్దామనుకుని డిగ్రీలో చేరి, మధ్యలో గ్రూప్స్ కోచింగ్‌కి, తర్వాత బ్యాంకు కోచింగ్‌కి తిరిగి చివరికి లా మాటే మరిచిపోయిన స్నేహితులు ముగ్గురున్నారు. నిజంగా లాయే కావాలంటే ఇప్పుడే వెళ్లిపో. అవసరమైతే ఒక ఏడాది ఆగి క్లాట్ రాయి.


చీపురుపల్లి పాసింజర్:

సార్, చాలా థాంక్స్. చెక్కు కేసు సంగతి నాన్నకి కూడా చదివి వినిపించాను.

అన్నయ్యా, క్లాట్ డిసెంబర్‌లోనే అయిపోయిందని నాకు ఏప్రిల్‌లో తెలిసింది. మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఐదేళ్ల లాసెట్ గురించి ఆలోచించాను. కానీ నాన్నకి ఇప్పుడు పని లేదు, అమ్మ జీడిపప్పు షెడ్డుకి వెళ్తోంది. మూడేళ్లకి చేతికొక డిగ్రీ వస్తే మధ్యలో ఏదైనా ఉద్యోగం చేసుకోవచ్చు, ఐదేళ్ల దాంట్లో చేరి మూడో ఏడు డబ్బులు లేక ఆగిపోతే అటూ ఇటూ కాకుండా పోతానేమోనని భయం. ఏడాది ఖాళీగా ఇంట్లో ఉంటే మాత్రం పెళ్లి సంబంధాలు మొదలవుతాయి, ఆ విషయం ఇక్కడ అక్కలకి వేరే చెప్పక్కర్లేదు.


నాగావళి ఒడ్డు:

సరే చెల్లెమ్మా, ఆ మాట అన్నాక నేనింక ఐదేళ్లదే అని పట్టుబట్టను. మా ఇంట్లో ఫీజుకి ఇబ్బంది లేదు, ఆ సంగతి నేను ఆలోచించకుండా రాశాను. అయితే ఒక్క మాట గుర్తుపెట్టుకో. డిగ్రీ తర్వాత ఢిల్లీ యూనివర్సిటీలోనూ, బెనారస్ హిందూ యూనివర్సిటీలోనూ మూడేళ్ల ఎల్ఎల్‌బీ ఉంది, సీయూఈటీ పీజీ రాసి వెళ్లాలి. ప్రైవేటు లా కాలేజీలతో పోలిస్తే ఫీజులు బాగా తక్కువ. ఈసారి మాత్రం నోటిఫికేషన్ తేదీలు ఎవరో చెప్తారని చూడకు, డిగ్రీ రెండో ఏడాది నుంచే నువ్వే చూసుకో. నేను వాడిన పుస్తకాలు అప్పటికి ఉంటే పంపిస్తాను.


పొందూరు అక్క:

చెల్లీ, నేను బీబీఏ చదివినదాన్నే, నువ్వు చెప్పినలాంటి కాలేజీలోనే, అందుకని చెప్తున్నా. బీబీఏ చెడ్డ కోర్సేం కాదు. మార్కెటింగ్, హెచ్ఆర్, ఆర్గనైజేషనల్ బిహేవియర్, ఇవన్నీ బాగా చెప్పే మనిషి ఉంటే చాలా బాగుంటాయి. చెప్పే మనిషి లేకపోతే మాత్రం గైడులో నిర్వచనాలు బట్టీ పట్టడం తప్ప ఏటీ మిగలదు. మాకు మూడేళ్లలో మార్కెటింగ్‌కి ఐదుగురు మారారు. బీకామ్‌లో ఆ బాధ కొంత తక్కువ, ఎందుకంటే లెడ్జరు, ట్రయల్ బ్యాలెన్స్, ఇన్‌కమ్ ట్యాక్స్ అనేవి సారు సగమే చెప్పినా మిగతాది మనం ఇంటి దగ్గర లెక్కలు చేసుకుని నేర్చుకోవచ్చు. జవాబు సరిపోయిందో లేదో మనకే తెలుస్తుంది. బిజినెస్ లా పేపర్లో 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ఉంటుంది, రేపు ఎల్ఎల్‌బీలో మళ్లీ అదే చట్టం చదవాలి, నీకు అది రెండోసారి అవుతుంది.

నాకు నిజంగా దెబ్బ తగిలింది ప్రయాణం దగ్గర. రోజూ రానూ పోనూ మూడు గంటలు. మొదటి సెమిస్టర్ సరదాగానే ఉంటుంది, పక్కన స్నేహితులు, కిటికీ సీటు. రెండో సెమిస్టర్‌కి ఇంటికొచ్చి బ్యాగు పడేసి నిద్రపోవడమే. అమ్మ అన్నం తినమని లేపితే లేచి తిని మళ్లీ పడుకునేదాన్ని. మూడేళ్లలో నేను కాలేజీ పుస్తకాలు కాకుండా చదివిన పుస్తకం ఒక్కటీ లేదంటే నమ్ము. నువ్వు లా వైపు వెళ్లాలనుకుంటున్నావు, దానికి చదివే అలవాటే పెట్టుబడి. పావుగంటలో ఇంటికి చేరే కాలేజీ అంటే రోజుకి మూడు గంటలు నీ చేతిలో మిగిలినట్టే, దాని విలువ మూడో ఏడు గానీ తెలీదు.

24,000 గురించి కూడా. మొదటి ఏడాది 24,000 అంటారు, రెండో ఏడాది ప్రాజెక్టు అని ఒకటి, మూడో ఏడాది ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ అని ఇంకొకటి కలుస్తాయి. మాకు అలాగే అయ్యింది. మా ప్లేస్‌మెంట్ అంటే చివరికి హైదరాబాద్‌లో కాల్ సెంటర్ ఇంటర్వ్యూకి బస్సెక్కించడమే. ఇప్పుడు నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు వేస్తున్నాను, ఆ పనికి కావలసిన ట్యాలీ, అకౌంట్స్ అన్నీ డిగ్రీ అయ్యాక విడిగా డబ్బు కట్టి నేర్చుకున్నవే. ఇంకోటి, ఒకవేళ నీ మనసు సీఏ వైపు మళ్లితే బీకామ్‌లో 55 శాతం ఉంటే మొదటి పరీక్ష ఫౌండేషన్ రాయకుండా నేరుగా సీఏ ఇంటర్‌కి రిజిస్టర్ అవ్వచ్చు, ఆర్టికల్‌షిప్ (ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ) కూడా ఇప్పుడు రెండేళ్లే.


బొబ్బిలి మేష్టారు:

ప్రభుత్వ కళాశాలల్లో ముప్ఫై రెండేళ్లు కామర్స్ చెప్పి రిటైరయ్యాను. పైన అందరూ కోర్సు గురించే మాట్లాడుతున్నారు. అమ్మాయ్, కోర్సు పేరు కన్నా ముందు చూడాల్సింది ఆ గదిలో రోజూ పాఠం జరుగుతోందా లేదా అన్నది. ప్రభుత్వ కాలేజీ అనగానే క్లాసులు జరగవని, ప్రైవేటు అనగానే జరుగుతాయని మనవాళ్లకి ఒక నమ్మకం. నేను రెండూ తప్పైన చోట్లు చూశాను. నీ ప్రభుత్వ కాలేజీలో నిజంగానే లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉండొచ్చు, అప్పుడు నీ వీధివాళ్ల మాటే నిజమవుతుంది. అందుకని ఎవరి మాటా వినకుండా నువ్వే వెళ్లి చూడు.

పొద్దున్న వెళ్లొద్దు. పొద్దున్న అన్నిచోట్లా బాగానే ఉంటుంది. మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం రెండు గంటలకి వెళ్లు. ఆ వేళకి మొదటి ఏడాది పిల్లలు ఎక్కడున్నారో చూడు. ప్రిన్సిపాల్ గదిలోకి కాదు, నేరుగా లైబ్రరీకి వెళ్లి ఇష్యూ రిజిస్టర్ చూపించమని అడుగు. నెల రోజుల్లో ఎన్ని పుస్తకాలు పిల్లల చేతికి వెళ్లాయో అందులో సంతకాలతో సహా ఉంటుంది. బ్రోషర్లో ఎన్నయినా రాసుకోవచ్చు, ఆ రిజిస్టర్లో దొంగ సంతకాలు పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. తర్వాత రెండో సంవత్సరం పిల్లల్లో ఇద్దర్ని, సార్లు లేని చోట నిలబెట్టి అడుగు: కామర్స్‌కి పర్మినెంట్ లెక్చరర్ ఎంతమంది, ఇంగ్లీషుకి ఎవరున్నారు, పోయిన సెమిస్టర్ సిలబస్ పూర్తయిందా. డిగ్రీ ఇప్పుడు ఇంగ్లీషు మీడియమే కాబట్టి తెలుగు మీడియం నుంచి వచ్చే నీకు ఇంగ్లీషు లెక్చరర్ ఉన్నారా లేదా అన్నది చాలా ముఖ్యం.

ఇంకొకటి, ఇది అందరూ చదవండి. వెబ్ ఆప్షన్లు నువ్వే పెట్టాలి. ఇంటికొచ్చే ఆయన "మీరు శ్రమపడకండి, మేమే పెట్టేస్తాం, ఓటీపీ చెప్పండి చాలు" అంటాడు. ఓటీపీ చెప్పావంటే ఆప్షన్లన్నీ వాళ్ల కాలేజీవే పెట్టి లాక్ చేసేస్తారు, తర్వాత నువ్వు గోల పెట్టినా వినేవాడుండడు. ఒరిజినల్ మార్కుల లిస్టు, టీసీ కూడా సీటు అలాట్ అయ్యాక, నువ్వు చేరాలని నిశ్చయించుకున్నాకే ఇవ్వాలి. ముందే తీసుకుని బీరువాలో పెట్టుకుని, మనసు మార్చుకున్న పిల్లల్ని నెలల తరబడి తిప్పించిన చోట్లు నాకు తెలుసు. మేనేజ్‌మెంట్ సీటులోనో స్పాట్‌లోనో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు, వెబ్ ఆప్షన్లతో వచ్చే కన్వీనర్ కోటాలోనే చేరాలి, 75 శాతం హాజరు కూడా ఉండాలి.

ఇప్పటికే ఎవరికైనా ఓటీపీ ఇచ్చావా?


చీపురుపల్లి పాసింజర్:

లేదు మేష్టారూ, ఇవ్వలేదు. ఆయన ఫోన్ చేసి అడిగారు, నాన్న బయటికెళ్లారని చెప్పాను. సర్టిఫికెట్లు కూడా ఇంట్లోనే ఉన్నాయి. రేపు బుధవారమే కదా, రెండూ చూసొచ్చి రాస్తాను.


చీపురుపల్లి పాసింజర్:

నిన్న వెళ్లొచ్చాను, నాన్న కూడా వచ్చారు. ఉదయం పాసింజర్లో విజయనగరం వెళ్లాం, మేష్టారు చెప్పినట్టు మధ్యాహ్నం అవ్వాలంటే రెండూ ఒకేరోజు కుదరవు గనక ప్రైవేటు కాలేజీకి పదకొండు గంటలకే వెళ్లాల్సి వచ్చింది.

అక్కడ మర్యాద బాగా చేశారు, నాన్నకి కాఫీ ఇచ్చారు. ల్యాబ్ నిజంగానే ఏసీ. లైబ్రరీ చూస్తామంటే గది తాళం వేసి ఉంది, తాళం ఒక సారు దగ్గర ఉందట, ఆయన అడ్మిషన్లకి ఊళ్ల మీదికి వెళ్లారట. కిటికీ అద్దంలోంచి చూస్తే అట్టపెట్టెల్లో పుస్తకాలు కట్టలు విప్పకుండానే ఉన్నాయి. అలాగని అంతా చెడ్డదని చెప్పలేను. బీబీఏ ఫస్టియర్ గదిలో ఒక మేడం ఇంగ్లీషు క్లాసు చెప్తున్నారు, నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఒక్కొక్కరినీ లేపి తమ ఊరి గురించి నాలుగు వాక్యాలు మాట్లాడిస్తున్నారు, తప్పు పోతే నవ్వనివ్వడం లేదు. ఒకమ్మాయి గరివిడి గురించి చెప్తూ మధ్యలో మాట దొరక్క ఆగిపోతే మేడం తనే ఆ మాట అందించి, మళ్లీ మొదటి నుంచి చెప్పించారు. నాకు ఆ క్లాసులో కూర్చోవాలనిపించింది. నాకు మాత్రమే కాదు, నాన్నకి కూడా.

తిరిగొచ్చి రెండున్నరకి ప్రభుత్వ కాలేజీకి వెళ్లాం. గేటు దగ్గర ఎవరూ లేరు, వరండాలో కుక్క పడుకుని ఉంది. నా గుండె జారిపోయింది. చివరి గదిలోంచి సుద్దముక్క చప్పుడు వినిపిస్తుంటే అటు వెళ్లాం. తొమ్మిది మంది పిల్లలు, ఒక సారు. బోర్డు నిండా ఒకే లెక్క, భాగస్వామి రిటైరైతే గుడ్‌విల్ ఎలా పంచాలో. గంట కొట్టినా ఆపలేదు, లెక్క సరిపోయేదాకా చెప్పారు. తర్వాత మమ్మల్ని చూసి ఏంటమ్మా అని అడిగారు. లైబ్రరీ రిజిస్టర్ అడిగితే ఆయనే తీయించి చూపించారు. పోయిన నెలలో 61 సంతకాలున్నాయి. పిల్లలు అంత తక్కువ ఉన్న కాలేజీకి అది మంచి సంఖ్యే కదా మేష్టారూ? రెండో ఏడాది అక్కలిద్దరు చెప్పిందేమిటంటే, కామర్స్‌కి ఇద్దరున్నారు, ఇద్దరూ పర్మినెంట్, ఇన్‌కమ్ ట్యాక్స్ సారు చాలా స్ట్రిక్ట్. కానీ ఇంగ్లీషుకి ఏడాదిగా ఎవరూ లేరు. గెస్ట్ లెక్చరర్ వస్తారని చెప్తున్నారట, ఇంకా రాలేదట.

అందుకని ఇప్పుడు మళ్లీ అక్కడే ఆగిపోయాను. ఒకచోట కామర్స్ ఉంది, ఒకచోట ఇంగ్లీషు ఉంది.


గంటస్తంభం:

నువ్వు చూసొచ్చిన తీరు చూస్తే నాకు చాలా సంతోషంగా ఉందమ్మా. ఇంగ్లీషు సంగతి చిన్నదని నేననను. మన కోర్టులో సాక్షి చెప్పేది తెలుగే, కక్షిదారు ఏడ్చేదీ తెలుగులోనే, కానీ దావా, కౌంటరు, తీర్పు ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తాయి. నేనూ తెలుగు మీడియమే. నాకు ఇంగ్లీషు వచ్చింది కాలేజీలో కాదు, మా సీనియర్ గారి ఆఫీసులో. ఆయన రోజుకొక పాత తీర్పు ఇచ్చి, ఒక పేజీ నా చేత్తో ఎత్తి రాయించి, అదే తెలుగులో చెప్పమనేవారు. ఆరు నెలలు అదే పని. మొదటి వారం ఒక పేజీకి రెండు గంటలు పట్టేది. ఆరో నెలకి చదువుతుంటేనే అర్థం వచ్చేది. ఆ మూడు గంటల ప్రయాణం మిగులుతుంది కదా, అందులో ఒక గంట దీనికి పెట్టు. సుప్రీంకోర్టు తీర్పులు వెబ్‌సైట్లో ఉచితంగానే దొరుకుతాయి, కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా పెడుతున్నారు, పక్కపక్కన పెట్టుకుని చదువుకోవచ్చు. మాట్లాడటం మాత్రం ఒంటరిగా రాదు, దానికి మనిషి కావాలి.


పొందూరు అక్క:

మాట్లాడటానికి నేనున్నాను చెల్లీ. ఆదివారం సాయంత్రం అరగంట ఫోన్లో ఇంగ్లీషులోనే మాట్లాడుకుందాం. నాకూ క్లయింట్లతో మాట్లాడేటప్పుడు ఇప్పటికీ తడబాటే, ఇద్దరికీ పనికొస్తుంది. నా నంబరు ఇక్కడ పెట్టను, ప్రైవేటుగా మెసేజ్ చేస్తాను.


బొబ్బిలి మేష్టారు:

61 మంచి సంఖ్యే. మా కాలేజీలో మూడు వందల మంది ఉన్న రోజుల్లో కూడా కొన్ని నెలలు అంత ఉండేది కాదు.

గంట కొట్టినా లెక్క మధ్యలో ఆపని మనిషి దగ్గర మూడేళ్లు చదివే అవకాశం అందరికీ రాదు అమ్మాయ్. నేనైతే దాన్ని మొదటి ఆప్షన్‌గా పెడతాను. విజయనగరందాన్ని రెండోదిగా పెట్టు, తీసేయొద్దు, అక్కడి మేడం లాంటివాళ్లున్న కాలేజీని పూర్తిగా కొట్టిపారేయలేం. ఇంగ్లీషు పోస్టు గురించి నువ్వూ, ఆ రెండో ఏడాది పిల్లలూ కలిసి ప్రిన్సిపాల్ గారికి ఒక అర్జీ రాయండి, కాపీ మీ దగ్గర పెట్టుకుని, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. గెస్ట్ ఫ్యాకల్టీని వేయించుకోవాలంటే పిల్లలు అడిగినట్టు కాయితం మీద ఉండటం వాళ్లకీ బలమే. నా సర్వీసులో రెండుసార్లు అలాగే పోస్టు నిండింది.


చీపురుపల్లి పాసింజర్:

పొద్దున్న నాన్న పక్కన కూర్చోగా ఆప్షన్లు పెట్టేశాను. మొదటిది ప్రభుత్వ కాలేజీ బీకామ్, రెండోది విజయనగరం బీబీఏ. ప్రింట్ తీసుకున్నాను. అమ్మ వీధిలో వాళ్లకి ఏం చెప్పాలి అంటే, నాన్న "గంట కొట్టినా ఆపని సారున్నాడని చెప్పు" అన్నారు.

అర్జీ ఇవాళ రాత్రి రాస్తాను మేష్టారూ, ఇక్కడ పెడతాను, తప్పులుంటే చూడండి. లాయరు గారూ, ఒక చిన్న ప్రశ్న. చదువు మొదలయ్యేలోగా ఒకసారి కోర్టు హాల్లో కూర్చుని చూడాలని ఉంది, మాలాంటివాళ్లని లోపలికి రానిస్తారా?


గంటస్తంభం:

ఎందుకు రానివ్వరు, కోర్టు హాలు అందరిదీ. కొన్ని రకాల కేసులు మాత్రం తలుపులు మూసి వింటారు, అప్పుడు బయటికెళ్లమంటారు, మిగతావి ఎవరైనా కూర్చుని వినొచ్చు. ఫోన్ సైలెంట్‌లో పెట్టు, వెనక బెంచీలో కూర్చో, జడ్జి గారు వచ్చినప్పుడు అందరితో పాటు లేచి నిలబడు. పదిన్నరకల్లా వచ్చేసెయ్, మొదటి అరగంట వాయిదాలు పిలవడంతోనే సరిపోతుంది, పదకొండు దాటాక సాక్షుల్ని విచారిస్తారు, అది తప్పకుండా చూడు. ఒక నోటు పుస్తకం తెచ్చుకుని వినబడిన ప్రతి ఇంగ్లీషు మాటా రాసుకో. నాన్నగారిని కూడా తీసుకురా.